తలపాగ బిళ్ళ

దసరా ఆయుధపూజకు ముందునాడు మా యింట తోమబడని లోహమనునది యుండెడిది కాదు. కత్తిపీట, కొడవలి, గడ్డపార, నాగటికర్రు మొదలుకొని దేవుని గూటిలోని దీపపుసెమ్మెల వరకు అన్నియు పెరటిలోని బావిగట్టునకు చేరెడివి. చింతపండు నానబెట్టిన మూకుడు, జల్లించిన ఇటుకపొడి, కొబ్బరిపీచు - ఇవియే మా యింటి రసాయనశాల. అన్నిటికంటె కడపట, అన్నిటికంటె శ్రద్ధతో తోమబడు వస్తువు మఱియొకటి కలదు. అది మా పెద్దతాతగారి సిపాయి తలపాగకు ముందువైపున కూర్చబడిన యిత్తడి బిళ్ళ. దానిని తోముట మా పెద్దవ్వ సొంతము. వేఱొకరు దానిని ముట్టుట కామె యొప్పుకొనెడిది కాదు.

ఆ తలపాగలో గుడ్డ చాలవరకు చిమ్మటల పాలైనది. లోపలి కుల్లా మాత్రము మిగిలినది. కుల్లా యనగా గుడ్డ చుట్టుటకు ఆధారముగా నుండు మొనతేలిన టోపీ. దానిపై కొంత జరీపని కలదు. ముందువైపున బిళ్ళ, బిళ్ళకు వెనుక, లోహము గుడ్డనొరయకుండుటకై యొక చిన్న తోలుముక్క. బిళ్ళ కాడలు తోలులోనుండియు గుడ్డలోనుండియు లోపలికి దూరగా, లోపల నొక చీలకతో బిగింపబడియుండెను. చూచుటకు స్వల్పవస్తువే. కాని మా పెద్దవ్వకు భర్త యొక్క గుర్తుగా ఈ లోకమున మిగిలినది అది యొక్కటియే.

మా పెద్దతాతగారు మొదటి మహాసంగ్రామమునాటివారు. కొలువు విడిచి యింటికి వచ్చిన రెండేండ్లకే జ్వరముచే గతించిరి. అప్పటికి పెద్దవ్వకు పదునెనిమిదేండ్లు నిండలేదు. తరువాతి అఱువదియేండ్లు ఆమె మా యింటి వంటయింటిలోను, పెరటిలోను గడచిపోయినవి. ఆమె మాకు చెప్పిన కథలలో నొకటి యెన్నడును మాఱలేదు: "ఆయన గుర్రం మీద పోయెటోడు, బిడ్డా. ఊరి పొలిమేరల డెక్కల సప్పుడు ఇనవడితే మా అత్త పొయ్యి మీద నీళ్ళు పెట్టేది."

ఇంటిలోని పురుషులీ మాట విని నవ్వెడివారు. ఏదో సంస్థానపు కోటవాకిట బిళ్ళబంట్రోతుగా నిలిచిన మనుష్యుని, చిన్ననాడే భర్తను పోగొట్టుకొన్న యిల్లాలు తన మనస్సులో గుఱ్ఱమెక్కించి యూరేగించుచున్నదని వారి తలంపు. ఆ నవ్వులో క్రూరత్వము లేదు, జాలియే కలదు. కాని జాలితో నవ్వినను అవిశ్వాసము అవిశ్వాసమే. మేమును బాల్యమున ఆ నవ్వులో పాలుగొంటిమని యొప్పుకొనక తప్పదు.

ఈ సందేహమునకు దేశపరిస్థితి కొంత కారణము. మా పాలమూరు సీమలో నాడు గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలుపేట సంస్థానములుండెను. సంస్థానాధీశులు తమ తమ శక్తికొలది బంట్లను, కావలివాండ్రను, రౌతులను ఉంచుకొనెడివారు. వనపర్తి రాజాగారు ఆఫ్రికాజాతివారగు హబ్షీలతో నొక అంగరక్షకదళమునే యేర్పఱచిరి. ఆ దళము తరువాత నిజాముగారికి చెందినది. నేటికిని హైదరాబాదులో మాసబ్‌ట్యాంకు చెంతనున్న ఏ.సి. గార్డ్సు అను పేట, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్సు అను ఆ దళము పేరనే పిలువబడుచున్నది. ఇక నిజాముగారి సేన వేఱు. అందలి హైదరాబాదు లాన్సర్లు అను అశ్వదళము మైసూరు, జోధపూరు దళములతో గూడి మహాసంగ్రామమున ఈజిప్టు, పాలస్తీనా దేశములకు పోయెను. 1918 సెప్టెంబరులో హైఫా పట్టణమును గెలిచిన అశ్వసేనావిభాగములో ఈ మూడు రాజ్యములవారును గలరు. ఢిల్లీలోని తీన్‌మూర్తి యను పేరు, వారి స్మృత్యర్థము 1922లో నిలిపిన మూడు విగ్రహములవలన వచ్చినదే. కావున బిళ్ళగల తలపాగ ధరించిన పాలమూరివాడు కోటవాకిటి బంట్రోతు కావచ్చును. సంస్థానపు రౌతు కావచ్చును. సముద్రము దాటివచ్చిన యోధుడును కావచ్చును. ఎవడో చెప్పవలసినది బిళ్ళమీది యక్షరములే.

ఆ యక్షరములు మాత్రము లేవు. బిళ్ళ నడుమ ఉర్దూ లిపిలో రెండు మాటలున్నట్లు, క్రింద నొక అంకె యున్నట్లు నీడవలె తోచును. అంతకుమించి కంటికి చిక్కదు. ఉర్దూలిపిలో పెక్కు వర్ణములకు దేహమొక్కటే. చుక్కలే వానిని వేఱుపఱచును. ఒకే గీతకు క్రింద నొక చుక్కయున్న బకారము, మూడున్న పకారము, పైని రెండున్న తకారము. చుక్క యన్నింటికంటె చిన్నది, ఎత్తుగా నిలిచినది. కనుక తోముటలో మొట్టమొదట నశించునదియు నదియే. అఱువది దసరాలు చింతపండుతోను ఇటుకపొడితోను రుద్దబడిన బిళ్ళమీద చుక్కలు పోయినవి. పిదప గీతలు పోయినవి. మిగిలినది అద్దమువంటి మెఱుపు. భర్తపేరిటి గుర్తును భార్యయే తన చేతులార చెఱిపివేసినది. అంతకంటె ప్రేమతో చేయబడిన పని మా యింట మఱియొకటి లేదు.

పెద్దవ్వ గతించిన తరువాత ఆ కుల్లా మా పెట్టెలో చాలకాలముండెను. ఇటీవల నొక దసరాకు మేము దానిని వెలికిదీసితిమి. బిళ్ళ నల్లబడియుండెను, అంచులయందు పచ్చని చిలుము పట్టియుండెను. పెద్దవ్వ తోమినట్లే తోమవలెనను భక్తితో మేమును చింతపండు నానబెట్టి, ఇటుకపొడి సిద్ధపఱచుకొని కూర్చుంటిమి. రసాయనశాస్త్రము చదివిన మా కోడలు అటు వచ్చి చూచి, "మామయ్యా, తోమేముందు ఇది ఏం లోహమో, దీనికేం పట్టిందో చూసినరా?" అని యడిగెను.

చూడలేదు. ముప్పదియేండ్లు పత్రికలు చదివిన మాకు, సంస్కరణమునుగూర్చి సభలలో మాటలాడిన మాకు, ఆ ప్రశ్న తోచనేలేదు. ఆ దినమున మేము నేర్చుకొన్నది చదువరులకును ఉపకరింపవచ్చునని యిచట వ్రాయుచున్నాము.

ఇత్తడి యనగా రాగియు, జింకు అనబడు తుత్తునాగమును కలిసిన మిశ్రలోహము. దాని నలుపు బయటినుండి వచ్చి యంటుకొన్న మురికి కాదు. ఆ లోహపు పైపొరయే గాలితోను, తేమతోను, గంధకముతోను కలిసి మాఱిన రూపము. కావున నలుపును పోగొట్టితిమన్న ప్రతిసారియు లోహములో కొంత పోగొట్టితిమనియే యర్థము. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము మొదట నలుపును కరగించును. అంతటితో ఆగక లోహమును గూడ తాకును. ఎక్కువసేపు నానినయెడల తుత్తునాగము ముందుగా కరగిపోయి, రాగి మిగిలి, ఇత్తడి యెఱ్ఱబాఱును. ఉప్పు చేర్చినచో పని త్వరగా జరుగును. కాని ఆ యుప్పు సందులలో నిలిచి, కొంతకాలమునకు పచ్చని చిలుమును మరల పుట్టించును. ఇటుకపొడిలోని యిసుకరేణువులు ఇత్తడికంటె గట్టివి. అవి నలుపును గోకునప్పుడే అక్షరములను గూడ గోకును. బిందెకు, చెంబునకు దీనివలన పెద్ద నష్టము లేదు. వానిమీద చదువవలసినది లేదు. బిళ్ళకు అట్లు కాదు.

వెండిపూత గల బిళ్ళలున్నవి. వెండి నల్లబడుట గంధకమువలన. మన యిండ్లలో వెండిని విభూతితో రుద్దుట వాడుక. విభూతి యిటుకపొడికంటె మెత్తనిదే. ఐనను పూత మిక్కిలి పలుచనిది గావున, ఏటేట రుద్దిన పిదప అడుగునున్న ఇత్తడి బయటపడును. అల్యూమినియపు రేకు పఱచిన గిన్నెలో వేడినీరును వంటసోడాయు పోసి, వెండివస్తువు ఆ రేకును తాకునట్లు ముంచినయెడల, గంధకము వెండిని విడిచి అల్యూమినియమును పట్టును; రుద్దవలసిన పని లేకయే నలుపు తగ్గును. కాని తోలు, గుడ్డ, మీనాపని కలిసియున్న వస్తువును అట్లు ముంచరాదు. బంగారుపూత సంగతి మఱియును సున్నితము. పూర్వము బంగారమును పాదరసములో కలిపి పూసి, కాల్చి, పాదరసమును ఆవిరిగా పోగొట్టెడివారు; ఆ యావిరి పనివాండ్ర ప్రాణములకు ముప్పు తెచ్చెడిది. బంగారము తనంతట నల్లబడదు. దానిపై కనబడు మాసినతనము చాలవరకు జిడ్డును ధూళియు మాత్రమే. మెత్తని తడిగుడ్డ చాలును. ఇక జరీదారమును ఏ ద్రవముతోను ముట్టకుండుటయే మేలు.

అంగళ్ళలో దొరకు కొన్ని మెఱుగుద్రవములలో అమ్మోనియా యుండును. అమ్మోనియా ఇత్తడిని ఏమి చేయగలదో తెలియుటకు మన దేశమునందే జరిగిన యొక ముచ్చట కలదు. ఆంగ్లసేనవారు వానకాలమున తూటాలను గుఱ్ఱపుసాలలలో దాచెడివారు. వానలు వెలిసిన పిదప చూడగా, పెక్కు ఇత్తడి తూటాగొట్టములు వాటియంతట అవియే పగిలియుండెను. కారణము చిరకాలము తెలియలేదు. 1921లో శాస్త్రజ్ఞులు దానిని విశదీకరించిరి. గుఱ్ఱముల మూత్రమునుండి వెలువడు అమ్మోనియాయు, రేకును సాగదీసి మలచినప్పుడు లోహములో మిగిలిన బిగువును కలిసి ఆ పగుళ్ళను పుట్టించినవి. తలపాగ బిళ్ళయు అట్లు అదిమి మలచిన పలుచని రేకే కదా!

ఆ మలచుటనుగూర్చియే మా కోడలు రెండవ ప్రశ్న వేసెను: "పెంబర్తి పనిల రేకును వెనుకనుంచి కొట్టి ముందర బొమ్మ లేపుతరు గద. మరి దీని వెనుక ఎట్లుంటది?" పెంబర్తి జనగామ చెంతనున్న గ్రామము. ఆ జనగామ పూర్వము నల్లగొండ జిల్లాలోని తాలూకాయే. దేవాలయముల ద్వారబంధములకు, వాహనములకు తొడుగు ఇత్తడిరేకులపై అచటి కంచరులు బొమ్మలను వెనుకనుండి కొట్టి యుబ్బెత్తుగా లేపుదురు. ముందు మిట్టగా నున్నచోట వెనుక పల్లముండును. బిళ్ళను అచ్చుతో నదిమినను నియమమొక్కటే. బిళ్ళకు వెనుకవైపు నొకటి కలదని మాకు అప్పటికి గాని స్ఫురింపలేదు. తోలుముక్క చాటున నున్నందున ఏ దసరాకును ఎవ్వరి చేయియు దానిని తాకలేదు.

చింతపండు మూకుడు వంటయింటికి మరలిపోయెను. చేతిచెమటలోని యుప్పు లోహమునకు మంచిది కాదు గనుక నూలు చేదొడుగులు వేసికొని, చీలకను మెల్లగా సడలించి, బిళ్ళను కుల్లానుండి వేఱుచేసితిమి. చేయబోవుటకు ముందు ఛాయాచిత్రములు తీసితిమి. తోలుముక్క క్రింద ఆకుపచ్చని మైనమువంటి పదార్థము గడ్డకట్టియుండెను. తోలులోని కొవ్వు రాగితో కలిసినపుడు అట్టిది పుట్టునట. దానిని గోకుటకు ఇనుపసూది పనికిరాదు. వేపపుల్లను చెక్కి మెత్తని మొన చేసికొంటిమి. ఒక్కొక్క వరుసగా తీయుటకు మూడు సాయంకాలములు పట్టెను. తీసినచోట్లను మెత్తని గుడ్డతో నద్దితిమే గాని రుద్దలేదు.

మూడవ సాయంకాలమున వెనుకవైపు పల్లములో గీతలు కనబడినవి. అవి తిరుగబడిన యక్షరములు. అద్దములో చూచిన గాని సరిగా నుండవు. ఉర్దూ బోధించి పదవీవిరమణము చేసిన మా పొరుగుపెద్దను పిలిచి, అద్దము చేతికిచ్చి, దీపము ప్రక్కనుండి పట్టితిమి. ఆయన చాలసేపు చూచి, "మొదటి మాట చుక్కలు తెలుస్తలేవు, చెప్పలేను. రెండవది మాత్రం సాఫుగ ఉన్నది. రిసాలా" అనిరి.

రిసాలా యనగా గుఱ్ఱపుదళము.

మేమెవ్వరమును కొంతసేపు మాటలాడలేదు. ఆ మాట ఉర్దూలో వ్రాయునపుడు దానికి చుక్క యొక్కటియు లేదని ఆ పెద్దమనుష్యుడే మాకు చెప్పెను. అందుచేతనే అది సందేహమునకు తావులేకుండ నిలిచినది. ఏ ప్రభువు రిసాలాయో తెలుపు మొదటిమాట చుక్కలతోపాటు పోయినది. ఈజిప్టు పోయెనో, పాలమూరు దాటలేదో బిళ్ళ చెప్పలేదు. కాని ఒక్క సంగతి చెప్పినది. పెద్దవ్వ అఱువదియేండ్లు చెప్పిన మాట నిజము. ఆయన గుఱ్ఱము మీదనే పోయెడివాడు.

ఈ తప్పు ఎవరిదని మేము పలుమాఱు విచారించితిమి. చెఱిపినది ఆమె చేయి. కాని ఆమెకు అవి యక్షరములని యెవరు చెప్పిరి? ఆమెకు ఉర్దూ రాదు, తెలుగును రాదు. మా యింటికి 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు స్థాపించిన గోలకొండ పత్రిక వచ్చెడిది. అరుగుమీద పదిమంది కూడి దానిని బిగ్గరగా చదివెడివారు. 1931లో నల్లగొండ జిల్లాలోని దేవరకొండయందు బూర్గుల రామకృష్ణారావుగారి యధ్యక్షతను రెండవ ఆంధ్రమహాసభ జరిగినప్పుడు మా యింటి పురుషులు పోయి వచ్చి, స్త్రీవిద్యావశ్యకతనుగూర్చి వారములు చర్చించిరట. ఆ చర్చకు వలసిన తేనీరు లోపలినుండి పంపినది పెద్దవ్వయే. అరుగునకును వంటయింటికిని నడుమ గడప యొక్కటే. ఆ గడప దాటి లోపలికి ఒక్క పలక పోలేదు. ఇంటిలో ఉర్దూ చదువరులు నలుగురుండిరి. వారిలో ఒక్కడైనను ఆ బిళ్ళను చేతికి తీసికొని, మాటలను చదివి, ఒక కాగితముమీద వ్రాసి యామె కిచ్చినవాడు లేడు. చదువరాని యామె తోమి చెఱిపినది. చదువ వచ్చినవారు చూడక చెఱిపిరి. రెండవది పెద్ద దోషమని మా నిశ్చయము.

అజ్ఞానముతో చేసిన సేవ తాను సేవించుదానినే అరగదీయును. ఇది బిళ్ళలకు మాత్రమే చెల్లు మాట కాదు. మన ఆచారములలో కొన్నింటికి పట్టినది నిజమైన చిలుము. దానిని విడిచినయెడల లోహమును తిని బిలములు చేయును. కొన్నింటిపై నున్నది కాలము పెట్టిన నలుపు మాత్రమే. అది అడుగుపొరకు కొంత రక్షణము గూడ నగును. రెండింటిని వేఱుపఱుపలేని సంస్కర్త ఇటుకపొడి చేతబట్టిన భక్తునివంటివాడే; నలుపునేమియు ముట్టరాదను పూర్వాచారపరాయణుడు చిలుమునకు కావలికాయువాడు. మొదట లోహమేదో తెలిసికొనవలెను. పిదప పట్టినదేదో తెలిసికొనవలెను. చేయి కదలవలసినది ఆ తరువాతనే.

రాజుల చరిత్రమే చరిత్రము కాదని, జనులు తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆట గూడ చరిత్రమేయని ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో నిరూపించిరి. అట్టి చరిత్రమునకు సాక్ష్యములు రాజప్రాసాదములలో నుండవు. మన పెట్టెలలో నుండును. సాలార్‌జంగు మ్యూజియములోని ఆయుధములను కాపాడుటకు నేర్పరులు కలరు. మన పెట్టెలలోని బిళ్ళకు, గుండీకి, మొలకత్తికి దిక్కు మనమే. కావున చదువరులగు గృహిణీగృహస్థులకు మా మనవి యొక్కటి. ఇట్టి వస్తువు మీ యింటనున్నయెడల తోముటకు ముందు దాని ముందువెనుకల ఛాయాచిత్రము తీయుడు. దానిమీది లిపి చదువగలవారిచేత చదివించి వ్రాయించుడు. దానినిగూర్చి యింటిలోని వృద్ధస్త్రీలు చెప్పు మాటలను, నమ్మదగినవిగా తోచకున్నను, చెప్పినవి చెప్పినట్లు వ్రాసి పెట్టుడు. లోహము అరుగుటకు అఱువదియేండ్లు పట్టినది. మనుష్యుని జ్ఞాపకము ఒక్కనాటి రాత్రిలో పోవును.

ఆ బిళ్ళను మేము మరల మెఱుగుపెట్టలేదు. పొడిగా తుడిచి, పలుచని మైనపుపూత పూసి, తోలు తగులకుండ నడుమ శుభ్రమైన కాగితముంచి, మరల కుల్లాకు కూర్చితిమి. ముందువైపు నునుపుగా అరిగినచోట కాంతి పడినపుడు అడ్డముగా సన్ననిగీతలు కనబడును. అవి యన్నియు నొకే దిక్కునకు సాగినవి. అవి పెద్దవ్వ చేతి జాడలు. వానిని పోగొట్టుటకు మాకు మనసొప్పలేదు. ఈ దసరాకు పూజాపీఠముమీద కుల్లాతోపాటు ఒక కాగితముంచితిమి. అందు పెద్దతాతగారి పేరును, రిసాలా యను మాటయు, క్రింద పెద్దవ్వ పేరును, ఆమె చెప్పిన గుఱ్ఱపుడెక్కల ముచ్చటయు గలవు. మా మనుమరాలు రెండవ తరగతి చదువుచున్నది. పూజయైన పిదప దానిని బిగ్గరగా చదివినది ఆమెయే.